చిల్లు పొడిచిన చెయ్యి

మొన్న మా కాలేజీ వర్క్‌షాపులో అడుగు పెట్టగానే పంక్చరు సొల్యూషను వాసన ముక్కుకు తగిలింది. మూడో ఏడాది పిల్లలు రిమోటుతో రాళ్లెక్కే చిన్న బండి ఒకటి తయారు చేస్తున్నారు. చక్రాలు టీ సాసరంత ఉంటాయి. బల్ల మీద పేర్చిన రాళ్ల ముందు బండి నిలబడిపోయింది, చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతున్నాయి. "మీరు చెప్పినట్టే టైర్లకు లోతుగ గాట్లు కోసినం మేడం. అయినా ఎక్కుతలేదు" అంది సుమలత అనే అమ్మాయి. నేను వంగి టైరు మీద చెయ్యి పెట్టాను. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు. "గట్ల తిప్పి పెడ్తరేంది మేడం?" అని ఆ పిల్ల నవ్వింది. ఆ అలవాటు నాది కాదు, యాకోబు కాకది. ఆ రబ్బరు వాసన నన్ను గోదావరిఖనిలోని మా పాత క్వార్టర్ల సందులోకి లాక్కుపోయింది.

యాకోబు కాక మాకు చుట్టం కాదు. మా క్వార్టరుకు రెండిళ్ల అవతల ఉండేవాడు. ఓపెన్‌కాస్టు గనిలో మట్టీ బొగ్గూ మోసే డంపర్లకు టైర్లు బిగించే సెక్షన్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆ టైర్లు నిలబెడితే మనిషి కంటే ఎత్తు ఉంటాయి. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక మెయిన్ రోడ్డు మీద చిన్న పంక్చరు షాపు పెట్టుకున్నాడు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ షాపుకు, రెండింటికీ ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లేవాడు. జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. గనిలో ఉన్నప్పుడు ప్రతి షిఫ్టుకూ ముందు టైర్లన్నీ చూసి, గాలి సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాకే వాటి మీద సుద్దతో గీత పెట్టేవాడట. గీత లేని బండిని డ్రైవర్లు ముట్టుకునేవాళ్లు కాదట. షాపు పెట్టాక కూడా ఆ పద్ధతి మానలేదు. సైకిలుకు గాలి కొట్టినా గీత పెట్టనిదే పంపేవాడు కాదు. నాకేమో అదంతా చాదస్తంగా కనిపించేది.

పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో ఒక పొద్దున సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి పోయాను. బస్టాండు దాకా సైకిలు, అక్కడి నుంచి బస్సు. ఆయన టైరు చుట్టూ తిరుగుతూ నింపాదిగా చూస్తున్నాడు.

"కాకా, జల్ది కానియ్యి. బస్సు పోతది."

"పోతే ఇంకోటి వస్తది. గాలి సరిపోయిందా లేదా నువ్వే చెప్పు."

"నాకెట్ల తెలుస్తది? మీటరు నీ దగ్గరుంది."

"నీ దగ్గర చెయ్యి లేదా? పెట్టి చూడు." నేను అరచెయ్యి పెడితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎనక్కు తిప్పు. అరచెయ్యి పని చేసి చేసి మొద్దుబారుతది. ఎనక తోలు పల్సగుంటది, మెత్తదనం గని వేడిమి గని జల్ది తెలుస్తది." ఆ మాట అని నా చేతుల వంక చూసి నవ్వాడు. "నీ చెయ్యి ఇంక మొద్దుబారలే గని, మెకానికల్ల చేరినవ్ కద, బారుతది తియ్."

ఆ రోజు బస్సు నిజంగానే పోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా బస్టాండులో నిలబడి ఆయన్ను తిట్టుకున్నాను.

మా బాపు భూగర్భ గనిలో సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి పోయి, పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయొచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పే మనిషి. ఎక్కడైనా కప్పు కూలితే ఆ రాళ్ల అవతల ఎట్లా ఉందో చూడ్డానికి మొదట పోవాల్సిందీ ఆయనే. ఒకసారి అన్నం తింటూ అమ్మతో అన్నాడు, "భయమంత మొదట పొయ్యేటోనికే. ఎనకొచ్చేటోనికి మొదటోని దీపం కనబడ్తది కద." ఆయన మామూలుగా అని పప్పు కలుపుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది.

మూడో ఏడాదిలో ప్రాజెక్టు అనగానే నా నోటి నుంచి అదే వచ్చింది. దీపం మోసుకుంటూ రాళ్ల మీదికి పాకే రిమోటు బండి. మనిషి కంటే ముందు అది పోతుంది. మా బ్యాచిలో నలుగురం. మిగతా ముగ్గురూ మోటారు, రిమోటు, బ్యాటరీ పంచుకున్నారు. చక్రాలు నా వాటాకు వచ్చాయి. మా ఏడాది మెకానికల్లో నేనొక్కదాన్నే అమ్మాయిని. ల్యాబు సారు మొదటి రోజే, "ఎందుకమ్మా ఇదంతా, చక్కగా ఒక చార్టు గీసుకో. బొమ్మలు బాగా వేస్తావు" అన్నాడు. మంచి మనిషే, మంచిగానే అన్నాడు, అందుకే మరీ ఒళ్లు మండింది. ఈ బండి ఎక్కకపోతే డిప్లొమా తర్వాత మళ్లీ ఇనుము ముఖం చూడనని లోలోపల ఒట్టు పెట్టుకున్నాను.

బొమ్మకారు ప్లాస్టిక్ చక్రాలు రాయి మీద జారిపోతుంటే యాకోబు కాక దగ్గరికి పోయాను. ఆయనకు పండగే అయింది. లారీ ట్యూబు కోసి చక్రాలకు తొడుగులు చేశాడు. పాత స్కూటరు టైరు నుంచి ముక్కలు కోసి పట్టు కోసం పైన అతికించాడు. లోపల గుడ్డపేలికలు కుక్కి, స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి మళ్లీ కుక్కాడు. చేతి వెనక వైపుతో తాకి, "ఇగ చూడు, రాయి లెక్క గట్టిగుంది" అని నాలుగు టైర్లకూ గీతలు పెట్టాడు. అవి చూస్తే నాకు గుండె నిండిపోయింది.

మొదటి రివ్యూలో సారు ముందు నాలుగు రాళ్లు పేర్చి బండిని వదిలాం. జానెడు ఎత్తు కూడా లేని మొదటి రాయి దగ్గరే అది ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, సుద్దగీతలు గుండ్రంగా కనిపిస్తున్నాయి, బండి మాత్రం కదలదు. కరెంటు పెంచాం. ఒక్కసారి ఎగిరి వెల్లకిలా పడింది. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. "వారం చూద్దాం. అప్పటికీ ఎక్కకపోతే చార్టు" అన్నాడు.

తిన్నగా షాపుకు పోయి, బండిని కాక ముందు పడేసి ఆయన మీద పడ్డాను. "నీ డంపర్ల లెక్క డంపర్లకే పనికొస్తది కాకా. నిన్ను అడుగుడే నాది తప్పు." అక్కడ గాలి కొట్టించుకుంటున్న ఇద్దరు మనుషులు తలెత్తి చూశారు. కాక వేళ్లకంటిన సుద్దను తన ఇస్త్రీ చొక్కాకు తుడుచుకున్నాడు. ఎన్నడూ అట్లా చేయని మనిషి. నోరు జారానని నాకు ఇంటికి రాకముందే తెలిసింది, అయినా వెనక్కి పోవడానికి మొండితనం అడ్డొచ్చింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్న రోజులవి. మరునాటి నుంచి బంద్. కాలేజీ మూశారు, గనులు ఆగాయి, బస్సులు లేవు. పొద్దున నేను వీధి నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. చుట్టూ మా వాడ ఆడవాళ్లు. యాకోబు కాక ఒక చేతిలో చక్రం, ఇంకో చేతిలో రాయి పట్టుకొని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"తప్పు నాదే బిడ్డా" అన్నాడు.

నల్లా దగ్గర మాటలన్నీ ఆగిపోయాయి. అరవై దాటిన మనిషి, గనిలో డ్రైవర్లను వణికించిన మనిషి, పంతొమ్మిదేళ్ల పిల్లతో పదిమంది ముందు ఆ మాట అంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కొత్తగ పనిలకు పోయిన దినాలల్ల ఒక డంపరుకు గాలి జర తక్కువుంది. డ్రైవరు జల్ది అన్నడు. పోనీ తియ్ అని గీత పెట్టిన. బరువుతోని ఎత్తు ఎక్కంగ టైరు వేడెక్కి పేలింది. డ్రైవరు చెయ్యి ఇరిగింది. దవాఖానల ఆ చెయ్యి చూసినప్పటి సంది ఏ టైరును గూడ నేను మెత్తగ ఇడువలే. నీ చక్రాలల్ల గుడ్డలు కుక్కింది నా తెలివి కాదు బిడ్డా, నా భయం." ఆయన చక్రాన్ని తిప్పి చూపించాడు. "డంపరు టన్నులు మోస్కుంట ఉరుకుతది. గా టైరు మెత్తగుంటే పేల్తది. నీ బండికి బరువు లేదు, ఉరుకుడు లేదు. పాకుతది. పాకేదానికి గింత గట్టిదనం ఎందుకు పెట్టిన నేను?"

ఆ వెంటనే జేబులోంచి సుద్ద తీసి టైరు నిండా రుద్దాడు. రాయి మీద నొక్కి తీశాడు. నల్లటి రాయి మీద గోరంత తెల్లటి గీత పడింది. "నీ బండి గింత జాగల నిలబడుతున్నది. జారదా మరి?" గుడ్డలన్నీ పీకేసి మళ్లీ సుద్ద రుద్ది నొక్కాడు. ఈసారి రెండు వేళ్ల వెడల్పు మచ్చ పడింది. బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా నేను ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయాను.

బంద్ ఉన్నన్ని రోజులూ ఆయన ఇంటి వాకిలే మా వర్క్‌షాపు. గుడ్డలకు బదులు తన పాత స్కూటరు సీటులోని స్పాంజి కోసి పెట్టాడు. అయినా చక్రం బంతిలా ఎగురుతోంది. అంచులు రెండు వైపులా అతికించి ఉన్నాయి, లోపలి గాలికి బయటికి పోయే తోవ లేదు. దానికి చిల్లు పొడవాలి. తోలుకూ రబ్బరుకూ చిల్లు పొడిచే ఆరె చేతిలోకి తీసుకున్న కాక అట్లాగే కూర్చుండిపోయాడు.

"నువ్వే పొడువు బిడ్డా."

"నువ్వు పొడిస్తేనే మంచిగుంటది కాకా."

"ముప్పై ఏండ్లు చిల్లులు పూడ్చిన. నా చేతుల ఒక్క చిల్లు పడలే." ఆరె మొన టైరు మీద ఆనించి, "ప్రభువా, క్షమించు" అని కళ్లు మూసుకొని పొడిచాడు. గాలి బుస్సుమంది. కళ్లు తెరిచి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. షాపులో అన్న మాటకు అప్పుడు క్షమించమని అడిగాను. "ఏ మాట?" అన్నాడు, నిజంగానే మరిచిపోయినట్టు.

ఆ తర్వాత పని దానంతట అదే నడిచింది. అతికించిన ముక్కల మీద బ్లేడుతో సన్నగా, లోతుగా గాట్లు కోశాం, అవి విచ్చుకొని రాయి అంచును పట్టుకునేటట్టు. కార్ల చక్రాలకు బిగించే సీసపు ముక్కలు ముందు రెండు చక్రాల్లో పెట్టాం, బండి వెనక్కి పడకుండా. పళ్లచక్రాలు మార్చి వేగం తగ్గించాం. దుమ్ము అంటితే ఎంత మంచి టైరైనా జారుతుందని, ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచాకే వదలమన్నాడు. రోజుకు పది పదిహేనుసార్లు సుద్ద మచ్చ చూసుకునేవాళ్లం.

కాలేజీ తెరిచిన రోజు కాక నాతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బండి ఎంత మెల్లగా కదిలిందంటే వెనక వరసలో ఎవరో ఆవలించారు. మొదటి రాయి ఎక్కింది. రెండోది, మూడోది ఎక్కింది. నాలుగో రాయి అంచున ముందు చక్రం జారి ఆగింది. నా వేలు రిమోటు మీద బిగుసుకుంది, కరెంటు పెంచాలని ఒకటే తొందర. గుమ్మం వైపు చూశాను. కాక తన చెయ్యి వెనక్కి తిప్పి గాలిలో ఊరికే ఆనించినట్టు పట్టాడు. నేను వేలు తీసేశాను. చక్రం నిలబడింది. మెత్తటి టైరు తన బరువుకు తాను నెమ్మదిగా అణిగి రాతి అంచు చుట్టూ సర్దుకుంది. అప్పుడు వేలు ఆనించాను. ఎక్కింది.

సారు కాసేపు బండిని చూసి, "టైర్లు ఎవరు చేశారు?" అని అడిగాడు. "నేనూ, మా యాకోబు కాకా" అన్నాను. ఆయన గుమ్మం దాకా నడిచి పోయి కాకకు నమస్కారం పెట్టాడు. చార్టు మాట మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం బాపు డ్యూటీ దిగి వచ్చాక వాకిట్లో రాళ్లు పేర్చి చూపించాను. కనురెప్పల మీద ఇంకా బొగ్గు నలుపు ఉంది. బండి దీపం వెలిగించుకొని రాళ్లు దాటి అవతలికి పోయేదాకా గొంతుక్కూర్చొని చూశాడు. "ఇది ముందు పోతే, నేను ఎనక పోత" అన్నాడు. ఆ బండి ఏ గనిలోకీ పోలేదు, కాలేజీ బీరువాలో పాతబడింది. బాపు రిటైరయ్యేదాకా తానే ముందు పోయాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. నేను మాత్రం ఇనుమును వదలలేదు. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు కాక తన ఆరె నా చేతిలో పెట్టాడు. రాష్ట్రం వచ్చిన పొద్దున షాపు ముందు ఆగిన బస్సు టైరుకు సుద్దతో గీత పెట్టి, "ఇగ పోనియ్యి" అని డ్రైవరుతో అన్నాడట. ఆయన పోయి కొన్నేళ్లయింది.

మొన్న వర్క్‌షాపులో సుమలత నా జవాబు కోసం చూస్తోంది. చెయ్యి కింద టైరు తగిలింది. కొత్త రకం రబ్బరు, మేము వాడిన లారీ ట్యూబు కంటే ఎంతో మెత్తన. దానికి లోతు గాట్లు పెడితే ముక్కలు పట్టుకోవడానికి బదులు మడతపడి వాలిపోతున్నాయి. ఎప్పుడో నాకు గెలుపు తెచ్చిన పద్ధతిని చూసుకోకుండా వీళ్ల నెత్తిన పెట్టాను. సాకులు నాలుగైదు నాలుక చివరికి వచ్చాయి. పిల్లలు ఇరవై మంది చూస్తున్నారు.

"తప్పు నాదే" అన్నాను.

నల్లా దగ్గర ఆ రోజు కాక అన్న మాటే. సుమలత, "మరి ఇప్పుడు ఎట్ల చేద్దాం మేడం?" అంది. టేబులు సొరుగులోంచి ఒక సుద్దముక్కను, కాక ఇచ్చిన ఆరెను తీసి ఆమె ముందు పెట్టాను.

"నాకు గూడ తెల్వదు. చెయ్యి పెట్టి చూడు."

ఆ పిల్ల టైరు వైపు చెయ్యి చాచి, ఒక క్షణం ఆగి, చేతిని వెనక్కి తిప్పింది.