ఓబుళేసు గుద్దు, కుళ్ళాయప్ప గుద్దులు

గుంతకల్లు రైల్వే బాక్సింగులో డ్రైవర్ యేసురత్నాన్ని ఓడించినవాడు లేడు. 1962 పోటీల్లో ఇద్దరు అతని మీదికి దిగారు. పట్టాలు మరమ్మతు చేసే ఓబుళేసు మొదటి రౌండులోనే కిందపడ్డాడు, కానీ పడేముందు ఒక్క గుద్దుతో యేసురత్నం ముందుపన్ను రాలగొట్టాడు. యేసురత్నం ఇంజన్లోనే బొగ్గేసే కుళ్ళాయప్ప మూడు రౌండ్లూ నిలబడ్డాడు. అయితే అతను విసిరిన గుద్దు ఒక్కటీ తగల్లేదు.

టీ అంగట్లో అందరూ ఓబుళేసునే పొగుడుతుంటే కుళ్ళాయప్పకు ఒళ్ళు మండిపోయేది.

"కిందపడినోడు మొగోడు, నిలబడినోడు దద్దమ్మా? ఇదేం న్యాయమప్పా!"

ఒకనాడు ఇంజన్ మీద ఉండబట్టలేక డ్రైవర్నే అడిగేశాడు. "నువ్వే చెప్పన్నా, మా ఇద్దర్లో ఎవడు మేలు?"

యేసురత్నం పన్ను ఊడిన సందు కనిపించేలా నవ్వాడు. "ఓబుళేసు చెయ్యి యాడినుంచి వస్తాదో నాకేం తెలుసు? నువ్వు దినామూ నా పక్కనే బొగ్గేస్తాండావు. గుద్దే ముందర కూడా పార ఎత్తినట్లే కుడిభుజం వంచుతావు. అది వంగితే చాలు, నేను పక్కకు జరుగుతా."

కుళ్ళాయప్ప పారను ఎడమవైపుకు మార్చుకుని కసిగా బొగ్గు విసిరాడు. బొగ్గంతా యేసురత్నం కాళ్ళ మీద పడింది. ఈసారి అతను పక్కకు జరగలేకపోయాడు.