విరిచేసిన రెండు ముక్కలు

ఎప్పుడో డబ్బు పెట్టి కొనుక్కున్న పాట ఈ ఉదయం నా ఫోనులో లేదు. అమ్మిన కంపెనీకి దానిమీద హక్కులు ముగిశాయట. కస్టమర్ కేర్‌తో వాదించే ఓపిక నాకు లేదు.

చిన్నప్పుడు కొవ్వూరులో మా మామ్మ పాడిన క్రిస్మస్ పాటను నాన్నగారు టేపురికార్డరులో రికార్డు చేశారు. ఆమె ఆయాసం తీరకముందే స్క్రూడ్రైవరుతో క్యాసెట్ అంచునున్న రెండు ప్లాస్టిక్ ముక్కల్నీ విరిచేశారు. క్యాసెట్ పాడైపోయిందని ఏడుస్తూ అవి ఊడినచోట పడ్డ కన్నాలకు సెల్లోటేపు అతికించాను.

నాన్నగారు దాన్ని మెల్లగా ఊడదీశారు.

"బాగుచెయ్యకమ్మా. ఇలా ఉంటేనే దీనిమీద ఇంకెవరూ వేరే పాట రికార్డు చెయ్యలేరు. మామ్మ పాట ఎప్పటికీ మనదే."

ఇందాక ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాను. విరవడానికి ఎక్కడా ఏమీ లేదు.