కల్బా సత్రంలో పోసిన గావా

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. షార్జాలో చాలా ఏళ్లు ఆఫీసు పద్దులు చూశాను. రుజువు లేనిది నమ్మలేదు. 2014 మార్చిలో జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

షార్జా నుంచి తూర్పు తీరాన ఉన్న కల్బాకు వెళ్లే కొండదారిలో ఒక పాత సత్రం ఉండేది. ఒకప్పుడు ఎండుచేపలు మోసుకెళ్లే ఒంటెలవాళ్లు అక్కడ ఆగేవారట. తరువాత జీపులు, ఆపైన లారీలు. సొరంగం దారి పడ్డాక ఎప్పుడో ఒకరు తప్ప ఆగేవాళ్లు లేరు.

మా తమ్ముడు నర్సయ్య అక్కడ వంటవాడు, కాపలాదారు కూడా. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. గ్యాస్ బండ తెచ్చినతను చూసేసరికే ప్రాణం లేదు. పోయేవాళ్ల గొంతులో నీళ్లు పోయడం మా ఆచారం. మా నాన్నకు నర్సయ్యే పోశాడు. మరి వాడికెవరు పోశారు? ఆ ఆలోచనతో నాకు నిద్ర ఉండేది కాదు.

సామాను తేవడానికి వాడి స్నేహితుడు రాజన్నతో వెళ్లాను. అతను పెట్టె, పరుపు కారులోకి మోస్తుంటే వాకిట్లో అరుగు మీద కూర్చున్నాను. ఒక ముసలి అరబ్బు వచ్చి పిడిలేని చిన్న కప్పులో గావా, అదే అరబ్బుల పాలులేని కాఫీ, పోసి ఇచ్చాడు. తాగి కప్పు తిరిగిచ్చాను. మళ్లీ పోశాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని తాగాను. మళ్లీ పోశాడు. చివరికి నవ్వి, ఖాళీ కప్పును అటూఇటూ ఊపి చూపించాడు. చాలు అనడానికి అలా ఊపాలట. ఊపాను.

“నర్సా కో పానీ హమ్ దియా, బహెన్. అకేలా నహీ” అన్నాడు. నీళ్లు తానే ఇచ్చానని, వాడు ఒంటరిగా లేడని. నేనెవరో ఆయనకు చెప్పనే లేదు.

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. తల ఎత్తితే ఎవరూ లేరు.

దారిలో చెబితే రాజన్న కారు పక్కకు ఆపేశాడు.

“గావా ఎవలు పోసిండ్రక్కా? ఆడ మనమిద్దరమే గద!”

“ఎడమ కన్ను మూసుకపోయిన పెద్దాయన.”

“సత్రం ఓనరు, ఆ ముసలి అర్బాబా? ఆయన పోయి రెండేండ్లాయె. ఆఖరికి నర్సన్ననే ముద్దలు కలిపి తినిపిచ్చిండు. పరాచికాలాడకక్కా.”

“నాకు పరాచికాలెప్పుడొచ్చినయ్ రా?”

గావా కాచాల్సిన వంటగదికి ఆ పూట తాళం వేసి ఉంది. తాళంచెవి నా సంచిలోనే ఉంది. దుఃఖంలో మనసు కల్పించుకుందని మా వారు అన్నారు. కావచ్చు. కానీ అన్నేళ్లలో నేను ఏ అరబ్బు ఇంటి గడపా తొక్కలేదు. కప్పు ఊపాలని నాకెలా తెలుస్తుంది?

2019లో సత్రం పడగొట్టారు.

ఆ ముసలాయన రాలేదని ఒప్పుకుంటే, నా తమ్ముడు దాహంతో పోయాడని ఒప్పుకోవాలి. వచ్చాడంటే నా బుద్ధి ఒప్పదు. ఏదో ఒకటి తేల్చి చెప్పమని ఎవరైనా అడిగితే, మాట మార్చేస్తాను.