శుక్రవారానికి జరిగిన పండగ

ఏడేళ్లుగా ఒక వాక్యం నా లోపల బరువుగా ఉంది. అది అబద్ధం కాదు. కాకపోవడం వల్లనే దాన్ని ఎలా దించుకోవాలో తెలియలేదు.

ముందు నిశ్చయాన్నీ వినికిడినీ వేరు చేయనివ్వండి. భౌతికశాస్త్రం చదివినవాడి అలవాటు. ఉదయగిరి ఆడవాళ్లు చెక్కిన గరిటెలు గడువు దాటాక ఆత్మకూరు చేరాయి. ఆ గడువు తప్పుగా చెప్పింది నేను. ఇది నిశ్చయం. సమయానికి చేరినా ఆ బేరం నిలిచేది కాదని తర్వాత ఎవరో అన్నారు. ఇది వినికిడి. దీన్ని నమ్మాలని ఎంతగా ప్రయత్నించానో! ఆధారం మాత్రం దొరకలేదు.

అప్పుడు నేను ఆత్మకూరులో ఒక టోకు వ్యాపారి దగ్గర సరుకు పరీక్షించేవాణ్ణి. చెక్కలో తేమ ఎంతుందో యంత్రంతో చూడనిదే ఒక్క స్పూను కూడా ఒప్పుకునేవాణ్ణి కాదు. ఉదయగిరి బృందానికి పెద్ద మస్తాన్‌బీ. ప్రభుత్వ సెలవులు పోను పది పనిదినాల్లో సరుకు గోదాముకు చేరాలన్నది ఒప్పందం. క్యాలెండరులో రంజాన్ సెలవు గురువారం. అందువల్ల పదో పనిదినం శుక్రవారమని మొదట్లోనే చెప్పాను. అప్పటికి అది సరైన లెక్కే.

బుధవారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"సార్, నెలవంక కనపళ్లేదు. పండగ శుక్రవారమంట."

"ఎవరు చెప్పారు? ఉత్తర్వు వచ్చిందా?"

"చందమామకు ఉత్తర్వేంది సార్! ఆయన గూడా మీ ఆఫీసోళ్ల మాదిరే, వస్తానని రాకుండా పోయినాడు." నవ్వింది. "సరుకు కట్టేసుండాది. రేపు పొద్దున బస్సుకెయ్యమంటారా?"

"తొందరెందుకు? సెలవు ఒక రోజు వెనక్కి జరిగితే గడువూ ఒక రోజు జరుగుతుంది. పండగ చేసుకుని శనివారం తీసుకురండి."

ఎంత సహజంగా తోచిన మాట! సెలవు జరిగింది కనుక గడువూ జరుగుతుంది. కానీ శుక్రవారం సెలవైతే గురువారం పనిదినమవుతుంది. అప్పుడు పదో పనిదినం గురువారమే. గడువు వెనక్కి జరగలేదు, ముందుకు వచ్చింది. వేళ్ల మీద లెక్కపెడితే తేలే సంగతి. ఆమె మాటకు ఉత్తర్వు అడిగిన నేను, నా మాటకు వేలు కూడా మడవలేదు. ఎందుకని? నా నోటి నుంచి వచ్చిందాన్ని పరీక్షించే పని నాది కాదనుకున్నానా?

సెలవును శుక్రవారానికి మారుస్తూ ఆ రాత్రే ఉత్తర్వు వచ్చింది. గురువారం సాయంత్రం ఉదయగిరి సరుకు లేకుండానే లారీ వెళ్లిపోయింది. శనివారం మస్తాన్‌బీ మూటలతో వస్తే గోదాములో దించుకోలేదు.

యజమాని నన్ను పిలిచి, గడువు వాళ్లకు చెప్పావా లేదా అని అడిగాడు.

"మొదట్లోనే చెప్పానండీ."

ఇదే ఆ వాక్యం. ఇందులో ప్రతి మాటా నిజం. నిజాలను మాత్రమే ఏరి ఒక మోసాన్ని ఇంత శుభ్రంగా కట్టవచ్చని నాకు అంతకుముందు తెలియదు. తెలిశాక కూడా, అది నేను తెలిసి చేశానా, భయంలో నోటికొచ్చింది అన్నానా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మిగిలిన తేమ కొలతలు రాసుకోవాలన్న సాకుతో సోమవారం ఉదయగిరి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లానా? అలాగే గుర్తుంది, నా జ్ఞాపకాన్ని నేను నమ్మను. షెడ్డులో మూటలు విప్పకుండా పడున్నాయి. ఆడవాళ్లంతా ఉన్నారు. వాళ్లలో చిన్నది, రోజమ్మ, ఉలి కింద పెట్టి అంది: "రోజులెంచడం రానోళ్లకు పెద్దరికం ఎందుకక్కా? రెండు వారాల కష్టం మట్టిలో పోసినావే!"

మస్తాన్‌బీ ఒకసారి నా వైపు చూసింది. తర్వాత రోజమ్మతో, "నేనే లెక్క తప్పినాలేమ్మా," అంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. యంత్రాన్ని ఒక గరిటెకు ఆనించి, అందులోని అంకె చూస్తున్నట్టు తల వంచుకున్నాను. అది ఆన్ చేసి లేదు.

ఆ తర్వాత బృందానికి రోజమ్మ పెద్ద అయింది. మస్తాన్‌బీ ఆమె కింద గరిటెకింత అని కూలికి చెక్కుతోంది. ఆమె లెక్క చెప్పబోతే ఇప్పటికీ పక్కవాళ్లు నవ్వుతారట. ఈ 'అట'ను మాత్రం నేను పరీక్షించుకోనక్కర లేదు. ఒకసారి నా ఎదుటే నవ్వారు.

ఇది మీకు చెప్పాక గుండెలో కొంత చోటు ఏర్పడిన మాట వాస్తవం. ఆ చోటు నాకు దక్కదగినదో కాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. నష్టపోయింది మీరు కాదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ రోజు మస్తాన్‌బీ తానే లెక్క తప్పానని నిజంగా నమ్మిందా, లేక తర్వాతి సరుకు నా చేతి మీదుగానే వెళ్లాలి కనుక తప్పు తన మీద వేసుకుందా? జవాబు ఆమె దగ్గర తప్ప మరెక్కడా లేదు. అడగాలంటే ముందు నేను చెప్పాలి. ఉదయగిరి బస్సు దిగి ఆ షెడ్డు దాకా చాలాసార్లు నడిచాను. ప్రతిసారీ తేమ ఎంతుందని మాత్రమే అడిగి వచ్చాను.