మా అమ్మ చేత పస్తులు పెట్టించిన మొదటి వాక్యం

ఎవరైనా నా ముందు ‘వ్యాసం మొదటి వాక్యంలోనే ఆకట్టుకోవాలి’ అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆకట్టుకోవాలట! ఎవరిని? ఏం అమ్ముకుని?

నేను అరకులో ఇంటర్ చదువుతున్నప్పుడు నగరంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ, మా కొండ పిల్లల్లో ఒకరికి ఫీజు లేకుండా సీటు ఇస్తానంది. మార్కులతో పాటు ‘నేను, నా ఊరు’ అని ఇంగ్లీషులో వ్యాసం పంపాలి. అది నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ సీటు తప్ప నాకు పెద్ద చదువుకు వేరే దారి లేదు. ఆదివారాలు మా హాస్టల్‌కి విశాఖ నుంచి వచ్చి ఊరికే పాఠాలు చెప్పే మేడమ్ ఒకరు, వ్యాసానికి సాయం చేస్తానన్నారు.

ముందు తెలుగులో రాసుకున్నాను. నా మొదటి వాక్యం ఇది: ‘కొత్త పండగ కాకముందు కొత్త సామలు నోట్లో వేసుకున్నామా, మా అమ్మ చేతిలో వీపు విమానం మోతే.’

నిజంగానే మోగించేది. మా ఊళ్ళో పంట నూర్చి ఇంటికి తెచ్చుకున్నా, ముహూర్తాలు పెట్టే దిసారి మంచిరోజు చూసి చెప్పి, ఊరి దేవతకు పెట్టేదాకా ఆ గింజ ఎవరూ తినరు. అందాకా నిరుటి గింజలుంటాయి, చోడి అంబలి ఉంటుంది. ఎవరూ పస్తుండరు, ఎదురుచూస్తారు, అంతే. పిల్లలకు మాత్రం ప్రాణం లాగేస్తుంది. పండగనాడు ఉన్నవాడూ లేనివాడూ ఒక్కరోజే కొత్త అన్నం తింటారు. ఆ మొదటి ముద్ద గురించే రాయాలని నా సరదా.

మేడమ్ చదివి నవ్వారు. “బాగానే ఉంది కానీ, ఇది చదివి ఎవరూ కదలరమ్మా. ఇందులో పెయిన్ ఏదీ? ఫస్ట్ లైన్‌కే కళ్ళు చెమర్చాలి.”

“మాకందులో బాధేం లేదు మేడమ్.”

“ఇంట్లో ధాన్యం ఉంది, పిల్లలకు పెట్టలేదు. ఇంకేం కావాలి? అలవాటైపోయి నీకు తెలియట్లేదు.”

నాకు తెలియట్లేదట! నా కడుపు సంగతి ఆవిడకు తెలిసిందట!

మరుసటి ఆదివారం, తను ఇంగ్లీషులోకి మార్చిన వ్యాసం ఫోన్‌లో చూపించారు. మొదటి వాక్యం ఇది: ‘ఆ రాత్రి ఇంటినిండా ధాన్యం ఉన్నా, మూఢనమ్మకానికి భయపడి మా అమ్మ మమ్మల్ని పస్తు పడుకోబెట్టింది.’ అరికాలి మంట నెత్తికెక్కింది. మార్చండి మేడమ్ అన్నాను. “సబ్మిట్ చేసేశాను. ఈ లైన్‌కే నిన్ను పిలుస్తారు చూడు” అన్నారు.

పిలిచారు కూడా. తల్లినో తండ్రినో వెంటబెట్టుకు రమ్మన్నారు. అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ఆవిడ నన్నేమీ అడగలేదు. అమ్మ వైపు తిరిగి, “ఇప్పుడైనా పిల్లలకు రోజూ అన్నం పెడుతున్నావా?” అంది. వయసులో పెద్దది మా అమ్మ. పెడుతున్నావా అట!

“పెడతాను గదమ్మగోరూ. పెట్టకేటి?” అని అమ్మ నవ్వింది.

వాళ్ళు నవ్వలేదు. పక్కాయన తన ముందున్న బిస్కెట్ల ప్లేటు అమ్మ వైపు జరిపి, “తిను, మొహమాటపడకు” అన్నాడు. అమ్మ ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూసింది.

ఇక ఆగలేకపోయాను. అమ్మకు అర్థం కాకూడదని వచ్చీరాని ఇంగ్లీషులోనే, “ఆ వాక్యం నేను రాయలేదండీ. మా అమ్మ మమ్మల్ని ఏనాడూ పస్తు పెట్టలేదు” అన్నాను. నా వాక్యం చెప్పాను. పండగ సంగతి చెప్పాను. ఎవరు మార్చారో, నేను వద్దన్నా ఎలా పంపారో కూడా చెప్పాను.

మధ్యలో ఉన్నావిడ అంతా విని, వ్యాసం సొంతంగా రాయాలన్నది రూలు కాబట్టి సీటు ఇవ్వడం కుదరదంది. అబద్ధం ఉన్నంతసేపూ పనికొచ్చాను, నిజం చెప్పగానే మోసగత్తెనయ్యాను. భలే న్యాయం!

తిరుగు బస్సు ఘాటీ ఎక్కుతుంటే అమ్మ అడిగింది. “ఏటైందే గుంటా? ఆలతో అంత కోపమేటి?”

ఇంగ్లీషులో తన గురించి ఏం రాశారో అప్పుడు చెప్పాను. మేడమ్‌ను తిడుతుందనుకున్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది.

“ఓసి పిచ్చి గుంటా! ఓ మాట నాతో ముందే సెప్పకపోనావేటి? పెట్నేదమ్మగోరూ, పిల్లల్ని ఆకలికి మాడ్సినాను అని నానే సెప్పీదాన్ని గదే. ఆ బిస్కట్లూ తినీసీదాన్ని. నీ సదువు కన్నా ఎక్కువేటి?”

నిజంగానే చెప్పి ఉండేది. ఆ ముగ్గురి ముందు తల దించుకుని, వాళ్ళకు కావలసినట్టే చెప్పేది. మా అమ్మ అందుకు కూడా సిద్ధపడిందని తెలిసిన రోజు నుంచి, వాళ్ళనూ ఆ మేడమ్‌నూ ఈ జన్మలో క్షమించేది లేదని ఒట్టు పెట్టుకున్నాను.