షుగరుకీ మొలలకీ మధ్య

మా వీధి లైబ్రేరియన్‌కి పాఠకులు పెట్టుకున్న పేరు 'ష్' గారు. ఉద్యోగంలో చేరింది మొదలు ఆమె నోట ఎక్కువగా వెలువడిన మాట అదే కాబట్టి ఆమె కూడా అభ్యంతరపెట్టలేదు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉండాలో నిర్ణయించే అధికారం తప్ప లోకంలో ఆమె కోరిన అధికారం మరొకటి లేదు.

ఉన్నట్టుండి పైఆఫీసు నుంచి ఆజ్ఞ వచ్చింది: మన పుస్తకాల్లో ఎవరెవరి బతుకులున్నాయో, ఎవరివి లేవో తేల్చండి. 'ష్' గారు నడుం బిగించి రంగు కాగితాలు కత్తిరించారు. ఆడవాళ్ళ కథైతే పచ్చ, కూలివాళ్ళదైతే పసుపు, వలస వచ్చినవాళ్ళదైతే నీలం, వికలాంగులదైతే ఎరుపు. పుస్తకంలోంచి ముక్క కాస్త తొంగిచూడాలి. కథల బీరువాలు కళకళలాడిపోయాయి. ఎరుపు మాత్రం ఒక్కటీ లేదు.

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. చక్రాల కుర్చీలో తిరిగే అక్క కూతురి కోసం అలాంటి నవలలు ఏరికోరి తెప్పించింది తనే. ఆ పిల్ల ఒకప్పుడు రోజూ వచ్చేది. ఇప్పుడు ఇటు రావడమే మానేసింది. చదువుల ఒత్తిడని అక్క అంటే కాబోలనుకున్నారు గానీ, ఆ వెలితి ఆమెకు పోలేదు.

వెతగ్గా వెతగ్గా అటెండరు ఆరోగ్యం బీరువా దగ్గర ఆగాడు.

"ఇవిగోండి మేడమ్. షుగరుకీ మొలలకీ మధ్య హాయిగా సర్దుకుని కూర్చున్నాయి."

ఇక్కడ పెట్టిన మేధావి ఎవరని అడగబోయి, అట్ట మీది చీటీలో తన దస్తూరీ చూసి, ఆమె తనకు తానే 'ష్' చెప్పుకున్నారు. కథానాయిక నడవలేదు కనుక అది వైద్యమేనని ఆనాడు శాస్త్రబద్ధంగా తీర్మానించారన్నమాట.

ఆ సాయంత్రం అక్కవాళ్ళింటికి వెళ్ళి సంగతి చెప్పారు. పిల్ల తలెత్తలేదు.

"నేనెప్పుడో చూశాను పిన్నీ. నేనేమన్నా జబ్బునా?"

పిన్ని పొరపాటు తనదేనని, మార్చేశానని, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలారు.

మర్నాడు వచ్చింది. నవలలన్నీ కథల బీరువాలో, గౌరవసూచకంగా అన్నిటికంటే పైఅరలో కొలువుదీరి ఉన్నాయి. పిల్ల కుర్చీలోంచి పైకి చూసింది. తర్వాత పిన్ని వంక చూసింది. అటెండరు నిచ్చెన తెచ్చాడు. నవలలు కిందికి దిగాయి. ఎవరూ అడగని మహనీయుల జీవితచరిత్రలు పైకెక్కాయి.

తీరా పిల్ల వాటి పక్కనున్న డిటెక్టివ్ నవల లాగింది. పిన్ని ముఖం చిన్నబోయింది.

"ఇవన్నీ నీకోసమే తెప్పించానే."

"ఎప్పుడూ నా గురించే చదువుకోవాలా ఏంటి? ముందు హంతకుడెవరో తేలనీ. వీటికి మళ్ళీ వస్తాగా."

'మళ్ళీ' అన్న మాట వినగానే 'ష్' గారు పైకే నవ్వేశారు. మూలన పేపరు చదువుకుంటున్న పెద్దాయన, ఇన్నేళ్ళకు దొరికిన అవకాశం చేజార్చుకోకుండా, "ష్" అన్నారు.