పెదనాన్న చూపించిన చెట్లు

మా పెదనాన్న ఆలివ్ చెట్లకు అంట్లు కట్టేవాడు. చిన్న వంకర కత్తి, తడి గోనెగుడ్డలో చుట్టిన కొమ్మముక్కలు, నోటి దురుసు, ఇవి లేకుండా గడప దాటేవాడు కాదు. ఎవరి తోటకు వెళ్లినా ముందు తిట్టి, తర్వాతే కత్తి తీసేవాడు. "నీ నెత్తికైనా నెలకోసారి కత్తెర పడుతుంది కదయ్యా, ఈ చెట్టేం పాపం చేసింది?" అన్నాడు ఒక ఆసామితో. ఆ ఆసామే మర్నాడు మళ్లీ కబురు పెట్టాడు. పెదనాన్న కట్టిన అంటు చచ్చిన దాఖలా లేదు మరి.

ఆ కొమ్మలన్నీ ఆయన పెరట్లోని ఒకే చెట్టువి. దాని కాయకు నూనె ఎక్కువ. అడిగినవాళ్లకల్లా కోసిచ్చాడు. తమ్ముడంటే ప్రాణం కాబట్టి, మా నాన్న అడక్కుండానే మా పదకొండు చెట్లకూ కట్టాడు. మా తోటంటే అవే.

ఓ వేసవిలో ఆ పెరటిచెట్టు ఆకుల కొసలు మాడాయి. నీళ్లు పెట్టినా తేరుకోలేదు. పరీక్షకు పంపితే తెగులని తేలింది. వ్యవసాయ అధికారిణి ఇంటికొచ్చి విడమరిచి చెప్పింది. చెట్టులో నీరు పైకెక్కే దారుల్ని బాక్టీరియా మూసేస్తుందట. పురుగులు మోస్తాయట, అంటుకొమ్మతోనూ వెళ్తుందట. మందు లేదు, కొట్టేయడమే.

"ఈ చెట్టు కొమ్మలు ఎక్కడెక్కడ కట్టారండీ?" అని అడిగింది.

పెద్దమ్మ ఆయన్ను వంటగదిలోకి పిలిచింది. నేను అక్కడే ఉన్నాను. "గుర్తులేదని చెప్పండి. మీ తమ్ముడి తోట పోతే ఇక మన గడప తొక్కుతాడా?" అంది.

ఆయనకు కట్టిన ప్రతి అంటూ గుర్తే. అధికారిణి జీపెక్కి ముందు మా తోటకే దారి చూపించాడు.

నాన్న నిచ్చెన దిగాడు. "వీటికేమైంది అన్నయ్యా? నిగనిగలాడుతున్నాయి కదా."

"పోయినేడు నాదీ ఇలాగే ఉందిరా."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఊరుకుంటే అందరి తోటలూ పోతాయిరా," అన్నాడు పెదనాన్న.

పరీక్షలో పదకొండింటికీ తెగులుందని తేలింది. రంపాలు వచ్చిన రోజు నుంచి నాన్న ఆయనతో మాట మానేశాడు. దాచడం దేనికి, నాకూ ఒళ్లు మండింది. తన పెరటిచెట్టును ఆయన అందరికంటే ముందు కొట్టించాడని తెలిసినా నా కోపం తగ్గలేదు.

ఆయన చూపించినవన్నీ కొట్టేశాక తెగులు మా ఊరి వాగు దాటలేదు. మూడో ఏడు నాన్న వాగు అవతలి తోటల్లో కాయ కోయడానికి కూలికి వెళ్లాడు. సాయంత్రం ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ బయల్దేరాను. నాన్న పెదనాన్న ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. పెదనాన్న వడ్డిస్తున్నాడు.

"అక్కడ కాయ బాగా పట్టిందన్నయ్యా," అంటున్నాడు నాన్న.